తిరిగే జంట

కదలకుండా ఉన్నదాన్ని ఎవరూ నమ్మరు. గుండ్రంగా తిరిగేదాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు. నేటి జీవశాస్త్రం ఈ సూత్రం మీదే నిలబడి ఉంది. నిలబడి అంటే, తిరుగుతూ.

స్వీడన్‌లోని ఉప్సలా ఊళ్ళో ఒక పరిశోధన సంస్థలో సిక్స్టెన్ ఈ సూత్రాన్ని నమ్ముకునే బతుకుతున్నాడు. ఒంట్లోని ప్రోటీన్లు కొన్ని జట్టుకట్టి పనిచేస్తాయి. ఏది దేన్ని ఎక్కడ పట్టుకుందో తెర మీద తిప్పి చూపించే సాధనం ఒకటుంది. మౌస్‌తో లాగితే బొమ్మ తిరుగుతుంది, నొక్కితే రంగు మారుతుంది. సిక్స్టెన్ ఒకే అచ్చున పోసినట్టున్న రెండు ప్రోటీన్లను అందులో పెట్టి, ఒకదానికి పసుపు, ఒకదానికి నీలం పూసి, అవి చేతులు పట్టుకున్న జంట అని లోకానికి చాటాడు. (రంగుల ఎంపికకు సంస్థలో ఒక సంఘముంది. స్వీడన్ జెండా రంగులైన వీటిని వేస్తే దేశభక్తి ఎక్కువైందా, చాలలేదా అన్న చర్చ ఒక చలికాలమంతా నడిచింది. చేతులు నిజంగా పట్టుకున్నాయా అన్నది ఆ సంఘం పరిధిలోకి రాదు.)

బొమ్మ ఎంత బాగా కుదిరిందంటే, సంస్థ దాన్ని కాఫీ కప్పుల మీద అచ్చువేసింది. సిక్స్టెన్ ఉద్యోగం ఉంచేదీ ఊడబీకేదీ గురువారం సమీక్షలో తేలుతుంది.

మంగళవారం కాఫీ వేళ, పక్క గదిలో పనిచేసే గున్‌వోర్ దాల్చినచెక్క బన్ను నములుతూ అతని తెరలోకి తొంగిచూసింది.

“ఆ మూలనున్న బొత్తం ఏమిటోయ్?”

“ఒంట్లో ఎలా ఉంటాయో అలా చూపిస్తుందట.”

“ఎప్పుడైనా నొక్కావా?”

“బొమ్మ పాడవుతుందేమోనని...”

“ఓరి నా తండ్రీ! ఇన్నాళ్ళు తిప్పావు, ఒక్కసారి నొక్కలేకపోయావా?”

తనే నొక్కింది. పసుపుది ఉంది. నీలంది మాయమైంది.

సంగతి ఏమిటంటే, సిక్స్టెన్ వాడే పద్ధతిలో ప్రోటీన్ ఆకారం తెలియాలంటే దాన్ని పటికబెల్లంలా గడ్డకట్టించాలి. ఆ గడ్డలో ప్రోటీన్లు సంతరోజు బస్సులో జనంలా ఒకదాని మీద ఒకటి ఒరుగుతాయి. ఒరిగినవాళ్ళంతా ఆలుమగలు కారు. ఒంట్లో ఈ ప్రోటీన్ ఒంటరిదే. ఈ తేడాను సిక్స్టెన్ ఏటా కొత్త విద్యార్థులకు బోధిస్తాడు. బాగా బోధిస్తాడని పేరు కూడా ఉంది.

నీలందాన్ని వెనక్కి తెచ్చి, దగ్గరికి లాగి చూశాడు. కలిశాయనుకున్న చేతుల మధ్య ఉన్నవి నీళ్ళే, పట్టు లేదు.

“చెప్పకపోతే?” అన్నాడు మెల్లగా.

“చెప్పకు. ఆ పక్క వచ్చినప్పుడు కాస్త వేగంగా తిప్పు. మేమంతా చేసేది అదే,” అని గున్‌వోర్ మిగిలిన బన్ను నోట్లో వేసుకుంది.

గురువారం సమీక్షకు పెద్ద, ప్రొఫెసర్ ఇంగెయెర్డ్. (ఉప్సలాలో ప్రొఫెసర్‌ని కూడా ‘నువ్వు’ అనే అంటారు. భయం మాత్రం ‘మీరు’ స్థాయిలోనే ఉంటుంది.) సిక్స్టెన్ వేగంగానే తిప్పుదామనుకున్నాడు. సరిగ్గా ఆ పక్కకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

“ఇవి జంట కాదు,” అన్నాడు. “పక్కపక్కన పడ్డాయంతే. నేనే పొరబడ్డాను.”

గది నిశ్శబ్దమైంది. అక్కడి నిశ్శబ్దానికి అర్థం క్షమాపణ కావచ్చు, ఉద్వాసన కావచ్చు, కిటికీ అవతల మంచు పడుతుండటమూ కావచ్చు. ఇంగెయెర్డ్ కళ్ళజోడు తీసింది.

“విడిపోతున్నట్టు చూపించగలవా?”

“చూపించొచ్చు. కానీ అవి అసలు కలిసిందే లేదు కదా.”

“అది తర్వాత చూద్దాంలే నాయనా. మెల్లగా విడదియ్యి. ముందు చేతులు.”

సిక్స్టెన్ మౌస్ పట్టి లాగాడు. నీలంది కొంచెం కొంచెంగా వెనక్కి జరిగింది. పసుపుది చెయ్యి చాపుకుని అక్కడే ఉండిపోయింది. సమీక్షకుల్లో ఒకాయన ముక్కు తుడుచుకున్నాడు.

“మళ్ళీ ఒకసారి,” అంది ఇంగెయెర్డ్.

సిక్స్టెన్ ఉద్యోగం పొడిగించారు. షరతు ఒకటే: ఆ రెండూ ఎందుకు విడిపోయాయో అతను కనిపెట్టాలి.