ఎడమవైపు నట్టు

ఆదివారం పొద్దున్నే ఫైళ్ళ అల్లుడు ప్రణాళిక ప్రకటించాడు. కాఫీ తాగేలోగా సాన మిషను విప్పేయడం, భోజనాల వేళకు ఉప్పుకాగితంతో తుప్పు గీకేయడం, ఎండ ఉండగానే రంగు కొట్టేయడం, సాయంత్రం మామగారు గడప తొక్కేసరికి మిషను ఝుమ్మని తిప్పి చూపించడం. విప్పడం అనే పనికి ఆయన కేటాయించినది ఒకే ఒక్క కాఫీ.

ఆయన బీమా ఆఫీసులో ఉద్యోగి కాబట్టి అత్తవారింట్లో ఫైళ్ళ అల్లుడయ్యాడు. సొంత గ్యారేజీ ఉన్న తోడల్లుణ్ణి, అంటే ఆ ఇంటి పెద్దల్లుణ్ణి, అందరూ పనిమంతుడంటారు. మామగారు కార్ఖానా మూసేస్తూ, తన మొట్టమొదటి సాన మిషను ఎవరికివ్వాలా అని నలుగురిలో అన్నప్పుడు, పనిమంతుడు నోరు తెరిచేలోపే ఫైళ్ళ అల్లుడు "నాకివ్వండి, నేను బాగుచేస్తాను" అనేశాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. అప్పటిదాకా ఆయన స్పానరు పట్టుకున్న పాపాన పోలేదు. మామగారు ఆయన్ని ఎగాదిగా చూసి, ఆదివారం సాయంత్రం వస్తానని, మిషను తిరిగితే ఉంచుకోమని, తిరగకపోతే పెద్దల్లుడి వ్యానులోకి ఎక్కించేస్తానని చెప్పారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మామగారు ఈయనను నమ్మి అప్పగించిన మొదటి పని అది. మిషను పోతే పోయింది, "నీవల్ల కాదని నాకు ముందే తెలుసు" అన్నట్టు ఆయన నవ్వే నవ్వు తట్టుకోవడమెలా అన్నదే అల్లుడి బెంగ.

భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి మిషనును ఎక్కించాడు. నడుమ ఇనుప మోటారు, అటూ ఇటూ ఒక్కో సానరాయి, ఒక్కో రాయి ఊడకుండా ఒక్కో నట్టు. రాళ్ళు కదలకుండా చెక్కముక్కలు దోపి, కుడివైపు నట్టుకు స్పానరు తగిలించి లాగాడు. ఒక్క ఊపులో వచ్చేసింది. అల్లుడు గాల్లో తేలిపోయాడు. పక్కగదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న భార్యను పిలిచి మరీ ఆ నట్టు చూపించాడు. బడిపిల్లల మార్కుల మధ్య నుంచి లేచొచ్చిన ఆవిడ బాగుందని చెప్పి వెళ్ళిపోయింది.

ఎడమవైపు నట్టు మాత్రం ససేమిరా అంది. సీసా మూత అయినా, నట్టయినా ఎటు తిప్పితే వదులవుతుందో మనిషి చేతికి చిన్నప్పటి నుంచే తెలుసు కదా. ఆయన అటే తిప్పాడు. ఎంత తిప్పితే అంత బిగుసుకుంటోంది. నేరమంతా తుప్పు మీదకు నెట్టి, వంటింట్లో నూనె తెచ్చి పోశాడు. కదల్లేదు. మరిగే నీళ్ళు పోశాడు. కదల్లేదు. సుత్తితో కొట్టి, కాస్త దూరం నడిచొచ్చి, మళ్ళీ కొట్టాడు. కాలుకాలిన పిల్లిలా గదంతా తిరుగుతూ గడియారం చూస్తున్నాడు. చివరికి బట్టలారేసే స్టాండు పైపు పీకి స్పానరుకు తొడిగి, పట్టు పొడవు పెంచి, వేలాడినంత పని చేశాడు. నట్టు బదులు బల్ల కదిలింది.

బల్ల కదలకుండా బరువు కావాలన్నాడు. ఆవిడ తన పేపర్లతో సహా వచ్చి బల్ల రెండో చివర కూర్చుని, దిద్దుడు ఆపకుండానే బరువైంది. ఆయన పళ్ళు బిగబట్టి ఒక్క గుంజు గుంజాడు. బల్ల కాలు పుటుక్కుమంది. ఆవిడ, మిషను, సున్నా మార్కుల పిల్లవాడి పేపరు అన్నీ ఒకేసారి నేల మీదకు జారాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ నూనె మాత్రం అందరికీ అంటింది.

"నాన్నకి ఫోన్ చేసి ఇంకో ఆదివారం రమ్మందామండీ," అంది ఆవిడ, లేచి చీర దులుపుకుంటూ.

"నట్టు రాలేదని మాత్రం చెప్పకు. ఇంకేదైనా చెప్పు."

ఆ ఇంకేదైనా దగ్గరే కొంప మునిగింది. ఆవిడకు అబద్ధాలాడటం అలవాటు లేదు. ఆయనకు ఒంట్లో బాగాలేదని మొదలుపెట్టింది. ఏమైందని అవతల నుంచి అడిగేసరికి తడుముకుంటూ ఎదురుగా కనబడ్డ ఆయన చేతులు చూసింది. అరచేతులు బొబ్బలెక్కి ఎర్రగా ఉన్నాయి. చేతులు పనిచెయ్యట్లేదంది. ఎప్పటి నుంచి అంటే పొద్దుటి నుంచి అంది. రెండు చేతులూనా అంటే అవునంది. కంగారు పడొద్దని, రావద్దని కూడా అంది. సాయంత్రం రావలసిన మామగారు, పెద్దల్లుణ్ణీ, తెలిసిన డాక్టర్నీ వెంటబెట్టుకుని ఇప్పుడే బయల్దేరుతున్నానని ఫోను పెట్టేశారు.

అల్లుడికి తలప్రాణం తోకకొచ్చింది. ఆవిడ చేతికందిన పాత చున్నీ చింపి ఆయన రెండు చేతులకూ కట్లు కట్టేసింది. ఇక మిషనును దాచాలి. బాల్కనీలోకి ఈడ్చేద్దామంటే నట్టుకు బిగుసుకుపోయిన స్పానరు, దానికి తొడిగిన పైపు గుమ్మానికి అడ్డం పడుతున్నాయి. పైపు పీకితే రాలేదు, స్పానరు ఊపితే ఊడలేదు. వీధిలో వ్యాను ఆగిన చప్పుడైంది. అల్లుడికి ఒళ్ళు మండిపోయింది. పొద్దుటి నుంచి లాగిన వైపు కాకుండా, ఎదురు వైపు నుంచి ఆ పైపును కసిదీరా ఒక్క తన్ను తన్నాడు.

నట్టు కిర్రుమని తిరిగింది.

ఆయన నమ్మలేక వంగి, కట్లు కట్టిన చేత్తోనే అదే వైపు తిప్పి చూశాడు. బిగించే దిక్కుగా తిప్పుతుంటే ఊడి వస్తోంది. నట్టూ, దాని వెనకే రాయీ ఒళ్ళో పడ్డాయి. ఆనందంతో కేక పెట్టబోయేంతలో భార్య ఆయన నోరు మూసి, మంచం మీదకు తోసి, మెడదాకా దుప్పటి కప్పింది. అప్పుడు తలుపు తెరిచింది.

డాక్టరు నాడి చూశాడు, వేళ్ళు ముడవమన్నాడు. అల్లుడు ముడవలేనట్టు ముడిచాడు. ఇది నరాల బలహీనతేనని, పొద్దుటి నుంచి ఈ చేతులతో గ్లాసు కూడా ఎత్తి ఉండలేడని డాక్టరు తేల్చేశాడు. భార్య తలాడించింది. ఈలోగా మామగారు నేల మీది మిషను దగ్గర గొంతుక్కూర్చుని, ఊడిన ఎడమవైపు నట్టును అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

"ఇది ఎవరు విప్పారు?"

భార్య కింద పడ్డ పేపర్లు ఏరడం మొదలుపెట్టింది.

"ఈ వైపు నట్టుకి మర తిరగేసి ఉంటుంది. రాయి తిరిగే ఊపుకి నట్టు ఊడిపోకుండా అలా చేస్తారు. కొత్తవాళ్ళెవరూ దీన్ని విప్పలేరు," అన్నారాయన.

"నేను కూడా మొదట్లో దీని దగ్గర బోర్లాపడ్డవాణ్ణే," అని పనిమంతుడు ఒప్పుకున్నాడు.

దుప్పటి కింద అల్లుడు లేవబోయి ఆగాడు. ఈ మాట కోసమే గదా పొద్దుటి నుంచి చచ్చీచెడీ తన్నుకున్నది. నేనే అంటే మెచ్చుకోలు దక్కుతుంది, దాంతోపాటు కట్ల సంగతీ, ఫోను సంగతీ బయటపడతాయి. భార్య ఆయన వంక చూసింది. ఆయన తేలు కుట్టిన దొంగలా కప్పు వంక చూశాడు. మామగారు లేచి కూతురి దగ్గరికొచ్చారు. ఆవిడ చీరకు నిలువునా నూనె మరకలు.

"నువ్వేనా అమ్మా?"

ఆవిడ తన చీర మీది మరకలు చూసుకుంది.

"నేనే నాన్నా."

ముసలాయన కళ్ళు చెమర్చాయి. "చెయ్యి తెగుతుందని నిన్ను కార్ఖానా గేటు దాటనివ్వలేదు. వారసుడు కావాలని అల్లుళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నాను," అంటూ ఆ నట్టును ఆవిడ చేతిలో పెట్టారు. మిషను నీదేనన్నారు. ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది. తండ్రీ కూతుళ్ళు నేల మీద ఎదురెదురుగా కూర్చుని ఉప్పుకాగితం అందుకున్నారు. రంగు ఏది వేయాలో కూడా ఆవిణ్ణే అడిగారు. చీకటి పడేవేళకు మిషను ఝుమ్మంది. పనిమంతుడు చప్పట్లు కొట్టాడు. ఫైళ్ళ అల్లుడు కొట్టడానికి వీల్లేక నవ్వి ఊరుకున్నాడు.

చెంచా కంటే బరువైన వస్తువేదీ ముట్టుకోవద్దని డాక్టరు ఆయనకు గట్టిగా చెప్పి వెళ్ళాడు.