ఇరాక్ బిడ్డకు పాలడబ్బా

2001 వేసవిలో కర్నూలు జిల్లా నాగులపేట వర్తక సంఘం, ఇరాక్ మీద ఆంక్షలు సడలించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఐక్యరాజ్యసమితి ఇన్నేళ్లూ ఎవరి సలహా కోసం ఆగిందో అప్పటికి గానీ మనకు అర్థం కాలేదు.

సంఘం అధ్యక్షుడు రామకోటయ్య శెట్టి, పేపర్లో ఎముకలు తేలిన ఇరాక్ పసివాడి ఫొటో చూసి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నటన కాదు, ఆయన మనసు నిజంగా వెన్న.

"పెద్దోళ్లు పెద్దోళ్లు కొట్టుకుంటే పాలు తాగే బిడ్డలేం జేసినారప్పా? పాలు, మందులు ఆపేది మనుషులు జేసే పనేనా?" అని సభలో కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. మనమందరం చప్పట్లు కొట్టాం.

రెండో అంశంగా, మగ్గాల వీధి మీద కట్టుబాటును మరో మూడు నెలలు పొడిగించాం. ఆ వీధిలో ఓబులేష్ అనే నేతగాడు సొంతంగా చిల్లర అంగడి తెరిచాడు. అది మూసేదాకా ఆ వీధివాళ్లకు ఊళ్లో ఎవరూ ఏమీ అమ్మకూడదు. మానవతా దృష్టితో ఉప్పుకు మినహాయింపు ఇచ్చాం. బియ్యానికి మాత్రం వీల్లేదు. బియ్యం ఇస్తే గంజి కాచి మగ్గం మీది పడుగు దారాలకు పెడతారు, మగ్గాలు ఆడతాయి, ఓబులేష్ లొంగడు. ఇంత ముందుచూపు అగ్రరాజ్యాలకైనా ఉందో లేదో.

మరునాడు ఆ వీధి మద్దమ్మ, మనవణ్ణి చంకనేసుకుని రామకోటయ్య అంగడికి వచ్చింది.

"శెట్టీ, కోడలికి పాలు పడలేదు. మూడు దినాలుగా వీనికి ఉత్త నీళ్లే తాపుతాండా. దుడ్లు తెచ్చినా, ఒక్క పాలడబ్బా ఇయ్యప్పా."

రామకోటయ్య బిడ్డ ముఖం చూశాడు. ఎక్కడో చూసిన ముఖం. చెయ్యి పైఅరలోని డబ్బా దాకా వెళ్లింది. అప్పుడు అంగట్లో మనం నలుగురం ఉన్నాం. ఊరికే ఆ చెయ్యి వైపు చూశాం. చెయ్యి వెనక్కి వచ్చింది.

"పాలపొడి కలిపినా జిగటొస్తాది గదవ్వా! పడుగుకు పెట్టరని ఏం నమ్మకం? అర్జీ పెట్టుకో. ఉపసంఘం చూస్తాది" అన్నాడు, తల దించుకుని.

మద్దమ్మ గోడమీద సంఘం కట్టిన బ్యానరు చూసింది. అందులో ఒక బిడ్డ పాలసీసా పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఈ బిడ్డ యా ఊరోడప్పా?"

"ఇరాకు దేశమోడు. వానికి పాలియ్యాలని మేం తీర్మానం జేసినాం."

"ఆడికి పోవాలంటే యాడ బస్సెక్కాల శెట్టీ?"

రామకోటయ్య గల్లాపెట్టె మీది కాగితాలు సర్దసాగాడు. మనం మర్యాద తెలిసినవాళ్లం కాబట్టి పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాం. ఆమె వీధి మలుపు తిరిగాక, గల్లాపెట్టె మీదున్న ఇరాక్ విజ్ఞప్తి పత్రం అందుకుని వరసగా సంతకాలు పెట్టాం. మీదీ ఉంది. పైనుంచి నాలుగోది.