నేరేడు కొమ్మ, నాలుగు అంగీలు

నా అంగీ మీది ఈ ఊదా చుక్కను చూసి నవ్వుతున్నరు గద! నవ్వుండ్రి. కాని దీని వెనుక తొమ్మిదేండ్ల ముచ్చట ఉన్నది. ఛాయ్ చెప్పిస్తే చెప్త.

డెబ్బై మూడుల నేను పటాన్‌చెరువుల రేకుడబ్బాల ఫ్యాక్టరీల టైం కీపర్ని. గేటు కాడ గడియారం కింద కూసొని, ఎవలు ఎన్ని గంటలకు వచ్చిన్రో రాసుడే పని. మా మేనేజర్‌కు ఒక్కటే పిచ్చి. గేటు కాడ కూసున్నోడు తెల్ల అంగీల మెరవాలె. మరక కనబడితే గోదాములకు పంపుత అనేటోడు. గోదాముల ఎలుకలు, చీకటి, తుప్పు వాసన. ఆ పేరు వింటేనే నేను అంగీ ఇంకోసారి దులుపుకునేటోన్ని.

ఇగ ఇంటికొస్తే పక్కింటి నేరేడు చెట్టు. దాని యజమాని లక్ష్మీకాంతం సేటు, కిరాణం దుకాణపాయన. మొదలు ఆయన పెరట్ల ఉంటది, కొమ్మలు మా వాకిట్ల ఉంటయ్. మృగశిర కార్తె వస్తే పండ్లన్నీ టపటపా మా దండెం మీదనే రాలేవి. ఒక్క వానాకాలంల ఐదు అంగీలు ఊదా చుక్కలైనయ్. వాటిల నాలుగింటితోని నా పెండ్లాం నాగేశ్వరి ఇల్లు తుడిచింది.

దండెం ఎవరు కట్టిన్రు అని అడుగుతరేమో. నేనే. ఒక కొస గోడ మేకుకు, రెండో కొస ఆ కొమ్మకే. గుంజ పాతే పని తప్పిందని అప్పట్ల నన్ను నేనే మెచ్చుకున్న.

"దండెం వంటింటి దిక్కు మార్చుండ్రి, అయిపోతది" అన్నది నాగేశ్వరి.

"నేనెందుకు మార్చాలె? చెట్టు వానిది. న్యాయమనేది ఒకటుంటది."

"న్యాయం మరకలు పోగొడ్తదా?"

న్యాయం అడుగుదామని సేటు ఇంటికి పోయిన.

లక్ష్మీకాంతం సేటు మాట చక్కెరపాకం. కాదు అనే మాట ఆయన నోట్ల పుట్టలే. "అయ్యో టైం సారూ! కొమ్మే గద, రేపే కొట్టిద్దాం" అన్నడు. బెల్లంముక్క చేతుల పెట్టి పంపిండు. వారం తర్వాత పోతే "రేపే కొట్టిద్దాం" అని ఇంకో బెల్లంముక్క. మూడేండ్లల నేను ఇంత బెల్లం తిన్న గాని, ఆ చెట్టు ఆకు ఒక్కటి తెగలే.

ఆ ఎండాకాలం మా ఫ్యాక్టరీ హమాలి కిష్టప్ప సెలవు చీటీ పట్టుకొని వచ్చిండు. "సారూ, బుధవారం నా బిడ్డ పెండ్లి. మా ఊరు కర్దనూరు మొత్తం తిరిగిన, పందిరికి మంచి నేరేడు మండలు దొరుకుతలేవు."

నా బుర్రల దీపం వెలిగింది. మా దిక్కు పెండ్లంటే పచ్చటి పందిరి. పందిరికి మండలు అడిగితే కాదనేటోడు ఉండడు, రేపు అనేటోడు అసలే ఉండడు. అది అపశకునం.

"కిష్టప్పా, మా ఇంటి కాడ బండెడు మండలున్నయ్. ఆదివారం రా. సేటును ఒక్కమాట అడుగు, మా దిక్కు వంగిన కొమ్మను మొదటికి కొట్టుకపో."

"నీ కడుపు సల్లగుండ సారూ!"

ఇంటికొచ్చి నాగేశ్వరికి చెప్పిన. "చూసినవా, మూడేండ్ల పని ఒక్క ముచ్చటతోని చేసిన."

"కొమ్మ పోతే దండెం దేనికి కడ్తరు?"

"అది తర్వాత ముచ్చట."

సోమవారం బొంబాయి నుంచి పెద్ద సారు ఫ్యాక్టరీ చూడ వస్తున్నడు. అందుకని ఆదివారం నాగేశ్వరి నా నాలుగు కొత్త అంగీలు నీలిమందు పెట్టి ఉతికి ఆరేసింది. అంగడికి పోతూ గడపల నిలబడి చెప్పింది. "ఆరినంక తీసి లోపట పెట్టుండ్రి. మర్సిపోకుండ్రి."

"నేనేమన్న పసిపిల్లగాన్నా?" అన్న. ఆమె పోయినంక ఐదు నిమిషాలకు పెద్ద సారు గుర్తుకొచ్చిండు. జుట్టు కత్తిరించుకుంటే బాగుంటదనిపించింది. మంగలి దుకాణానికి పోయిన.

తిరిగొచ్చేసరికి వాకిలంత వెలుగు! కొమ్మ లేదు. మొదటికి కొట్టుకపోయిన్రు. ఎండల నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకొని, ఆకాశాన్ని నేనే కొన్నట్లు చూసిన.

వెనుకకెల్లి నాగేశ్వరి గొంతు. "అంగీలేవి?"

"ఏ అంగీలు?"

"కొమ్మకు కట్టిన దండెం మీది అంగీలు."

గోడ మేకుకు జానెడు తాడు వేలాడుతున్నది. సేటు గోడ మీదికెల్లి తలకాయ పెట్టి, "బండి నిండ మండలు, తాడుతోని అంగీలతోని ఎత్తుకపోయిన్రు సారూ. మీరే పంపిన్రేమో అనుకున్న" అన్నడు.

సైకిలెక్కి కర్దనూరు దాక ఊపిరి తీసుకోకుండ తొక్కిన. దారి పొడుగూత ఒక్కటే లెక్క: అంగీలు పట్టుకొని చీకటి పడకముందే మర్లితే, పొద్దుగాల్లకు ఇస్త్రీ అయితది, గోదాము తప్పుతది.

పోయేసరికి పందిరి వేసుడైపోయింది. నా కొమ్మే, నిగనిగలాడుతున్నది. పందిరి కింద నలుగురు పెద్దమనుషులు నులకమంచం మీద వరుసగ కూసున్నరు. నలుగురి ఒంటి మీద నా అంగీలు. కొత్తబట్టలకు పెట్టినట్లు కాలర్లకు పసుపు. కిష్టప్ప నాయిన పెద్దరాములు బొజ్జకు గుండీలు పడక, మూడు ఊడి చేతులనే పట్టుకున్నడు.

"వచ్చిండు! పెండ్లిపిల్ల మేనమామ వచ్చిండు!" అని లేచిండు పెద్దరాములు.

నేను వెనుకకు చూసిన. వెనుక నా సైకిల్ తప్ప ఎవలు లేరు.

కిష్టప్ప భార్య మల్లవ్వ చెంబుతోని నీళ్లు తెచ్చి నా కాళ్లు కడిగింది. ఆమె కండ్లల్ల నీళ్లు. "అన్నా, నాకు తోడబుట్టినోడు లేడు. మేనమామ దిక్కు బట్టలు లేవని మగపిల్లగాని వాళ్లు నిన్నటి సంది మాటలంటున్నరు. ఇంతకుముందే మండలు విప్పిన. లోపట నాలుగు కొత్త తెల్ల అంగీలు! మండల్ల పెట్టి, చెప్పకుంట పంపినవు. గంత మనసు ఎవలికుంటదన్నా?"

'అవి నావి, ఇచ్చేయ్' అనే మాట గొంతు దాక వచ్చింది. ఆమె మొఖం చూసిన. నా నోట్లకెల్లి వేరే మాట బయట పడ్డది.

"అవ్ చెల్లే. నేనే పంపిన."

అన్నంక నాకే కండ్లు తడైనయ్. అది అంగీల కోసమా, చెల్లె కోసమా అని ఇప్పటికీ నాకు సమఝ్ కాలే.

"బుధవారం పొద్దుగాల బిడ్డను ఎత్తుకొని పందిట్లకు తేవాలె, అది మేనమామ పని" అన్నడు పెద్దరాములు. పిల్లను చూసిన. కిష్టప్ప బస్తాలు మోస్తే, ఆ పిల్ల కిష్టప్పను మోసేటట్లున్నది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పిన. నాగేశ్వరి తిడ్తదనుకున్న. ఆమె పొయ్యి కాడికెల్లి లేచి వచ్చింది. తర్వాత "మూడేండ్లల మీరు చేసిన మంచిపని ఇదొక్కటే, అది కూడ తెలువక చేసిన్రు" అన్నది. పెట్టెల నుంచి తన కొత్త చీర తీసింది. "ఆడబిడ్డ ఇంటికి ఉత్త చేతులతోని పోతమా?"

సోమవారానికి తెల్లబట్ట లేదు. సేటు తన లాల్చి ఇచ్చిండు. దాంట్ల నా అసొంటోళ్లు ఇద్దరు పడ్తరు. గేటు కాడ బొంబాయి సారు కారు దిగిండు, నన్ను చూసిండు, యూనియన్ లీడరనుకొని ముందుగాల నాకే దండం పెట్టిండు. మా మేనేజర్ నోరు తెరిచింది మూయలే. గోదాము ముచ్చట మళ్లీ ఎత్తలే.

బుధవారం పిల్లను ఎత్తిన. పందిరి దాక పది అడుగులు. నడుము పట్టుకున్నది, పదిహేను రోజులు వంగే నడిచిన. ఫ్యాక్టరీల అందరు నేను వినయం నేర్చుకున్న అనుకున్నరు.

మృగశిర నాడు మల్లవ్వ మా ఇంటికొచ్చింది. చంకల తట్ట, తట్టల తడిగోనె చుట్టిన మొక్క. "వదినా, నా బిడ్డ పందిరికి కొమ్మ కొట్టిచ్చి అన్న వాకిలి బోసి చేసుకున్నడు. నాకు మనసున పట్టలే. గిది నేరేడు. నీ వాకిట్లనే నాటు."

"వద్దు" అందామని నోరు తెరిచిన. నాగేశ్వరి అప్పటికే గడ్డపార నా చేతుల పెట్టింది. "దండెం కాడనే తవ్వుండ్రి. గుంజ పాతే పని తప్పుతది గద, మీకు ఇష్టం."

తవ్విన. మొక్క నాటిన. చెల్లె నీళ్లు పోసింది. ఆరేండ్లల అది గోడ దాటింది. ఈ ఏడే మొదటి కాపు. అగో, నా అంగీ మీది చుక్క దానిదే.

మొన్న సేటు గోడ మీదికెల్లి తలకాయ పెట్టిండు. ఆయన తెల్ల లాల్చి మీద మూడు ఊదా చుక్కలు.

"టైం సారూ, మీ కొమ్మ మా దిక్కు వంగింది. జెర..."

లోపటికి పోయి బెల్లంముక్క తెచ్చి ఆయన చేతుల పెట్టిన.

"అయ్యో సేటూ! కొమ్మే గద, రేపే కొట్టిద్దాం."