పేర్రాజు వదిలేసిన పేర్రాజులు

పేర్రాజు వేణువు నేర్చుకోవడం మానేసిన మర్నాడు పొద్దున్నే, నేర్చుకుంటున్న పేర్రాజు వీధి అరుగు మీద కూర్చుని, వచ్చిన సగం కీర్తన వాయించి, ఆపిన చోట ఆపి, మళ్లీ మొదటికొచ్చాడు. ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. పేర్రాజు భార్య మంగతాయారు ఉప్మాలో ఇంకో గ్లాసు రవ్వ ఎక్కువ పోసింది.

గోదావరి కాలవ పక్కనున్న ఆ పట్టణంలో ఇది మామూలే. ఎవరైనా ఒక పని ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తే, మొదలుపెట్టిన మనిషి అక్కడే మిగిలిపోతాడు. వదిలేసిన మనిషి తన దారిన తాను పోతాడు. మిగిలినవాడు ఆ రోజున ఎలా ఉన్నాడో ఎప్పటికీ అలాగే ఉంటాడు. అదే జుట్టు, అదే పొట్ట. విద్య కూడా ఆపిన చోటుదాకానే వస్తుంది. పురపాలక సంఘంవారు దీనికి ఒక విభాగం తెరిచి, మిగిలినవాళ్లకి వాళ్ల ఇంట్లోనే తిండీ నీడా ఇవ్వాలని నిబంధన పెట్టారు. ఉగాదికి చేసుకున్న తీర్మానాలు మూలపడ్డాక ఆ విభాగంలో ఊపిరి సలపదు. పేర్రాజు ఎదురింటి డాక్టరుగారింట్లో అయితే పెళ్లిలోలాగ పంక్తులు వేసి వడ్డిస్తారు.

నీటిపారుదల ఆఫీసులో గుమాస్తాగా చేసే పేర్రాజుకి ఆరంభశూరత్వం ఉగ్గుపాలతో వచ్చింది. ఏది మొదలుపెట్టినా ముందు సామాను కొనేవాడు. నడకకి బూట్లు, యోగాకి చాప, డాబా మీద తోటకి కుండీలు. సామాను ఇంటికొచ్చిన రోజునే పని సగం అయిపోయినట్టు హాయిగా ఉండేది. మిగతా సగం అతను చూసిన పాపాన పోలేదు.

అలా ఇంట్లో పేర్రాజులు పోగయ్యారు. నడక పేర్రాజు తెల్లారకుండా లేచి రైలు గేటుదాకా వెళ్లి, గేటు బార్లా తెరిచి ఉన్నా సరే అక్కణ్నించి వెనక్కి తిరిగి, వస్తూ వస్తూ పాలు తెచ్చేవాడు. తోట పేర్రాజు వంగమొక్కలకి నీళ్లు పోసేవాడు గానీ, కాయలు కోయొచ్చని అతనికి తెలీదు. యోగా పేర్రాజు గాలి పీల్చి బిగబట్టి కూర్చునేవాడు. వదలడం తర్వాతి పాఠంలో ఉంది. నవల పేర్రాజు సగం చదివిన హత్య కథ గురించి భోజనాల దగ్గర, "నాకెందుకో ఆ వకీలు మీదే అనుమానంగా ఉందండి" అని రోజూ కొత్తగా ఆశ్చర్యపోయేవాడు.

అందరూ బుద్ధిమంతులే. పేర్రాజుకి కిట్టనిది సరిగ్గా అదే. తను మంచం మీద వాలి, జీవితాన్ని చక్కదిద్దుకోవడం ఎలాగో ఫోనులో చూస్తూంటే, తనకన్నా కాస్త సన్నగా, కాస్త చురుగ్గా ఉన్న తన మొహాలే ఎదురుగా తిరుగుతూండేవి. ఎవరి మొహం వాళ్లకే ఎత్తిపొడుపైతే ఎలా వేగడం?

"మనుషులు మరీ ఎక్కువైపోయారే ఇంట్లో. తగ్గించెయ్యాలి," అన్నాడు భార్యతో.

"ఉండనీండి పాపం. వాళ్ల పనేదో వాళ్లు చేసుకుంటన్నారు. మిమ్మల్నేవన్నా అంటన్నారా?" అంది మంగతాయారు.

పేర్రాజు వినలేదు. ఇంట్లో అదనపు మనిషి ఉన్నట్లయితే తొలగించవలసిందిగా విభాగానికి అర్జీ పెట్టుకున్నాడు. ఒకరిని పట్టుకెళ్లినా చాలు, మిగతావాళ్లు భయపడి తన కంటబడకుండా ఉంటారని అతని ఊహ. కొరివితో తల గోక్కుంటున్నానని మాత్రం తోచలేదు.

ఆదివారం పొద్దున్న విభాగం అధికారి సత్తార్ గారు గొడుగు ముడుచుకుంటూ వచ్చారు. పేర్రాజులందర్నీ వసారాలో వరసగా నిలబెట్టి, ఏం మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు అని ఒక్కొక్కర్నీ అడిగారు.

"నడకండి. రైలు గేటుదాకా. ఆయ్, రోజూ ఎల్తానండి," అన్నాడు నడక పేర్రాజు.

యోగా పేర్రాజు దగ్గర సత్తార్ గారు చాలాసేపు ఓపిగ్గా నిలబడ్డారు. చివరికి పక్కవాడు చెబితే రాసుకున్నారు. మొదలుపెట్టిన పనిని వచ్చినంతమేరకు చేసుకుంటున్నవాళ్లెవరూ నిబంధనల ప్రకారం అదనం కాదని, అందరూ ఉండొచ్చని తేల్చేశారు.

"మరి అదనం ఎవరండీ?" అన్నాడు పేర్రాజు, కాస్త చికాగ్గా.

"చూద్దారండి, తొందరేవుంది? లోపల ఇంకెవరన్నా ఉన్నారామ్మా?"

మంగతాయారు చీర కొంగుకి చేతులు తుడుచుకుంది. "వంటింట్లో ఒకాయనున్నారండి. పిలవమంటారా?"

పేర్రాజు ఉలిక్కిపడ్డాడు. లోపలినించి తోటకూర కాడలు పళ్లెంలో పట్టుకుని ఒక కుర్రాడిలాంటివాడు వచ్చాడు. ఒత్తయిన జుట్టు, అప్పుడప్పుడే దిద్దుకున్న మీసం. హాల్లో వేలాడుతున్న పెళ్లి ఫోటోలోని మొహం. ఈ మనిషి ఎన్నాళ్లబట్టి ఉన్నాడీ ఇంట్లో? తనకి కంచం మంచం దగ్గరికే వస్తుంది. వంటింటి గడప తొక్కి ఎంత కాలమైందో గుర్తు రాలేదు.

"మీరేం మొదలెట్టారండి?" అడిగారు సత్తార్ గారు.

"కాపరవండి. ఈవిడ చెప్పేది వినడం," అన్నాడు ఆ వచ్చినవాడు.

"ఎక్కడ ఆపేశారు?"

దానికి మంగతాయారు జవాబు చెప్పింది. గొంతులో కోపం లేదు. "పెళ్లైన కొత్తల్లో, మా అమ్మ పోయిన్రోజు సంగతి ఈయనకి చెప్తన్నానండి. ఆస్పత్రిలో అమ్మ నా చెయ్యట్టుకుని ఓ మాటంది అన్నాను. ఇంతలో ఫోనొచ్చింది. మాట్లాడొచ్చి, అన్నం పెట్టెయ్యవే అన్నారు. ఆ మాటేంటని అడగలేదు. మర్నాడు చూస్తే ఈయన పొయ్యి పక్కన పీటేసుకుని కూచున్నారు. ఇంకా వింటానే ఉన్నారు."

పేర్రాజు నిర్ఘాంతపోయాడు. "నాకొక్క మాట చెప్పొద్దుటే, ఇలా వంటింట్లో..."

"చెప్పానండి. మీరు ఊఁ అన్నారు."

సత్తార్ గారు కళ్లజోడు సర్దుకుని పేర్రాజుకేసి తిరిగారు. "ఇప్పుడు మీ సంగతి చెప్పండి. మీరేం చేస్తా ఉంటారు?"

"ఉజ్జోగం..."

"అది ఆఫీసువాళ్లు చూసుకుంటారండి. ఇంట్లో?"

పేర్రాజు వెతుక్కున్నాడు. "మనిషి తన్ని తాను ఎలా బాగుచేసుకోవాలో చూస్తూంటానండి. రోజూ చూస్తాను."

"చూట్టం లెక్కలోకి రాదండి." సత్తార్ గారిది మెత్తని మనసు. కుదురుగా నచ్చజెప్పారు. "మొదలెట్టినోళ్లందరూ ఇక్కడే ఉన్నారు కదండీ. ప్రతిసారీ వదిలేసి వచ్చేసింది మీరొక్కరే. అదనపు మనిషున్నారని మీరే అర్జీ పెట్టారు. కరెక్టుగానే పెట్టారు."

పేర్రాజు వరసలో ఉన్న తన మొహాలకేసి చూశాడు. ఒక్కడైనా అడ్డం వస్తాడనుకున్నాడు. బస్సెక్కుతున్న చుట్టాన్ని చూసినట్టు చూశారంతే. యోగా పేర్రాజు మాత్రం ఏదో అనబోయాడు గానీ, ఊపిరి వదిలితే తప్ప మాట రాదు.

"ఎక్కడికి తీసుకెళ్తారండీ?"

"మార్కెట్టు ఎనకాల పెద్ద హాలు కట్టావండి. ఫ్యాన్లున్నాయి, ఫోన్లు ఛార్జింగెట్టుకోడానికి ప్లగ్గులున్నాయి. మీ ఎదురింటి డాక్టరుగారు కూడా అక్కడే ఉంటన్నారు."

"డాక్టరుగారా? నిన్ననేగా ఆయనకి నమస్కారం పెట్టాను!"

"మీరు చూసింది షటిలాడే డాక్టరుగార్నండి. అసలాయన మా దగ్గరికొచ్చేసి చాలా కాలవైంది. ఇళ్లల్లో ఎక్కడా ఏ లోటూ తెలీట్లేదు. ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదన్నా రాలేదండి."

పేర్రాజు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. అతనికి భయం వేసింది. భయం వెనకాల, ఎన్నడూ లేనిది, ఒక సంగతి తెలుసుకోవాలనిపించింది.

"తాయారూ, మీ అమ్మ ఏమందే ఆ రోజు?"

మంగతాయారు ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. జాలి పడిందేమో కూడా. తర్వాత తోటకూర పళ్లెం పట్టుకున్నవాడికేసి చూసి, "అది చెప్పడం అయిపోయిందండీ," అంది. "కూర్చోండి. ఎండన పడి వెళ్తన్నారు, కాఫీ తాగి బయల్దేరుదురు గాని."

వచ్చినవాళ్ల కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీలో, సత్తార్ గారి పక్కన కూర్చున్నాడు పేర్రాజు. ఆవిడ చుట్టాలకని దాచిన పింగాణీ కప్పుల్లో ఇద్దరికీ కాఫీ తెచ్చింది. అతను వేడి వేడిగా తాగి, కప్పు కింద పెట్టి, ఇంటికొచ్చిన పెద్దమనుషులు ఎలా అంటారో అలాగే అన్నాడు.

"కాఫీ చాలా బాగుందండీ."