పగడం నాట్లకు పర్మిషన్

ఏ ప్రాణి నీళ్లలో దిగాలన్నా ముందు ఒక కమిటీ కూర్చోవాలి. మోక అనే ఊళ్లో కాలువ చివరి భూమి సాగుచేసే హరిబాబు ఈ సత్యాన్ని, కాలువకు నీళ్లు వదిలి నాట్లకు అనుమతిచ్చే సలహా సమితి కోసం ఏటా ఎదురుచూసి నేర్చుకున్నాడు.

మంగళూరులో ఉద్యోగం చేసే కూతురు బిందుశ్రీ సెలవులకు వచ్చి హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టింది. తాను పెంచిన పగడం ముక్కను మాత్రం పట్నంలో, గాంధీనగర్‌లో ఉండే స్నేహితురాలు తనూజ తొట్టిలో ఉంచింది.

"రాళ్ల మింద గోధుమరంగు జిగురు వచ్చి, పోవాల నాన్నా. నీళ్లలో విషం లేదని టెస్టులో తేలాల. అంతదాకా పగడం తేవాకు. ప్రాణముండే జీవి అది" అని చెప్పి బస్సెక్కింది.

వెంటనే పగడాల ప్రవేశ సలహా సమితి ఏర్పడింది. అధ్యక్షుడు హరిబాబు. కార్యదర్శి భార్య శివపార్వతి (ఈ సంగతి ఆమెకు తెలియదు). కార్యదర్శి దోసెలు పోస్తున్నందున మొదటి సమావేశం వాయిదా పడింది. రెండోదానిలో, తొట్టిలో వేలు పెట్టాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి అని తీర్మానించారు. అడిగేదీ హరిబాబే, కాదనేదీ హరిబాబే. (కాదనడంలో ఇంత హాయి ఉంటుందని ఆయనకు ఇన్నాళ్లూ తెలియదు.)

"ఆఫీసర్లను తిట్టి తిట్టి నువ్వే ఆఫీసరైతివి గదయ్యా!" అని శివపార్వతి నవ్వింది. ఆ వ్యాఖ్యను రికార్డుల నుంచి తొలగించారు.

కొన్నాళ్లకు రాళ్ల మీద జిగురు వచ్చింది. అది పోయేదాకా ఆగమంది కూతురు. హరిబాబు కళ్లకు మాత్రం తొట్టి అచ్చం దమ్ము చేసిన మడిలా కనబడింది. నాటడానికి చేతులు దురద పెట్టాయి. సరిగ్గా అప్పుడే ఎగువ కాలువ రైతు గాళెప్ప కాఫీకి వచ్చాడు. ఏటా అనుమతికి ముందే నాట్లు ముగించే ఘనుడాయన.

"ఏనప్పా, మడి రెడీగా ఉండాది, ఇంకా నాటలేదా?"

"పర్మిషన్ రాలేదప్పా."

"ఎవరియ్యాల?"

"నేనే."

గాళెప్ప గ్లాసు కింద పెట్టాడు. "సుమ్నే నాటేయప్పా, ఎవర్నీ అడగాకు! రూలు చూసుకుంటా కూచున్నోడు యాడన్నా పండిచ్చినాడా?"

హరిబాబుకు రోషం పొడుచుకొచ్చింది. జన్మకొక్కసారైనా అందరికంటే ముందు నాటాలి! గాంధీనగర్ వెళ్లి, అనుమతి వచ్చేసిందని తనూజకు చెప్పి, పగడం తెచ్చి నాటేశాడు. టెస్టు డబ్బా సీలు కూడా విప్పలేదు. అధ్యక్షుడు సెలవులో ఉన్నందున అభ్యంతరాలేవీ రాలేదు.

వారం తిరక్కుండానే పగడం ముడుచుకుంది, తెల్లబడింది, చివరికి ఎముకలా మిగిలింది.

"బిడ్డను సాకినట్ల సాకిందయ్యా మన పిల్ల" అని శివపార్వతి తొట్టి ముందు కూలబడింది. హరిబాబుకు ఆ పూట అన్నం దిగలేదు. అక్రమంగా నాటినవాడిని విచారించడానికి ఆయన అధ్యక్షతన అత్యవసర సమావేశం జరిగింది. ఎగువ కాలువ రైతులదే తప్పని తేలింది.

అంతలో ఫోన్ మోగింది.

"పగడం తీసకపోతివంట, తనూజ చెప్పింది. ఎట్లుండాది నాన్నా?"

ఇన్నేళ్లుగా ప్రతి ఆఫీసు కిటికీ దగ్గరా తాను విన్న మాటే, తడబాటు లేకుండా హరిబాబు నోట వచ్చింది.

"పరిశీలనలో ఉండాదమ్మా. సోమవారం కనుక్కో."