సింధుజ గురించి నలుగురూ చెప్పింది

ఆ శనివారం పొద్దున ఇంట్లో ఉన్నది బిచ్చయ్య, అతని భార్య మైసమ్మ, తల్లి బుగ్గమ్మ, కూతురు సింధుజ, తల్లి చచ్చిపోయి పాలసీసాకు అలవాటుపడ్డ రెండు గొర్రెపిల్లలు. మోకాలు వాచడంతో బిచ్చయ్య మందను తమ్ముడి వెంట పంపి మంచం మీద కూర్చున్నాడు. మైసమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. బుగ్గమ్మ ఒక పిల్లకు పాలు పట్టిస్తూ రెండోదాన్ని తిడుతోంది. సింధుజ మాత్రం తల దువ్వుకుని, ఇస్త్రీ డ్రెస్సు వేసుకుని, ఏ పనీ చేయకుండా గోడ గడియారం చూస్తోంది.

ఆమె అనుకున్నది పెద్ద పనేమీ కాదు. పదకొండు గంటలకు తాండూరు నుంచి కొత్త కంపెనీ తరఫున విచారించే మనిషి ఒకడు వస్తాడు. అతనికి చాయ్ ఇవ్వాలి, కాగితాలు చూపించాలి, ఇరుగుపొరుగు ఇద్దరితో ఆమె గురించి చెప్పించాలి. సాయంత్రం అయిదు లోపల అతను తన ఫోన్‌లోంచి 'సరిపోయింది' అని పంపాలి. అంతే, సోమవారం నుంచి ఆమె మళ్లీ ఉద్యోగస్తురాలు.

మళ్లీ అనడం ఎందుకంటే, సింధుజ అంతకుముందు హైదరాబాద్‌లో మూడేళ్లు ఒక చిన్న కంపెనీలో పనిచేసింది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆమె పని. తప్పులన్నీ దొరికాయో ఏమో, కంపెనీ మూతపడింది. ఎనిమిది నెలలుగా ఆమె పెద్దేముల్ దగ్గరి ఈ ఊళ్లో, గొర్రెల దొడ్డి పక్క గదిలో కూర్చుని దరఖాస్తులు పెడుతోంది. నూట నలభై దాటాక లెక్క మానేసింది. తొమ్మిది ఇంటర్వ్యూలకు పిలిచారు. అయిదింట్లో, పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తావా అని అడిగారు. మానను అని చెప్పింది. వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు. పదోవాళ్లు ఏమీ అడగకుండా ఇంట్లోంచే పనిచేయమని ఉత్తరం పంపారు. శనివారం అయిదు దాటితే మాత్రం ఆ ఉత్తరం జాబితాలో తర్వాతి పేరుకు పోతుందని కూడా రాశారు.

ఈ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు. కిందటిసారి ఒక ఉద్యోగం దాదాపు వచ్చిందని చెబితే, బుగ్గమ్మ పోచమ్మకు కోడిని మొక్కుకుని, ఆగలేక ముందే కోసేసింది. ఉద్యోగం రాలేదు. ఉద్యోగం పోయినందుకు ఎవరూ ఏడవలేదు గానీ, కోడి గురించి ఇప్పటికీ వారానికోసారి మాట వస్తుంది. అందుకని సింధుజ తల్లికి చెప్పవలసినంతే చెప్పింది.

"అమ్మా, పదకొండింటికి తాండూరు నుంచి అతీఖ్ అని ఒకాయన వస్తడు. నా గురించి అడుగుతడు. మంచిగ కూసోబెట్టు."

"ఎవల తరఫున వస్తుండు?"

"గది చెప్పరాదు. చెప్పొద్దని వాళ్ల రూలు."

రొట్టె తడుతున్న మైసమ్మ చెయ్యి ఆగింది. "నీకు ఇష్టమేనా మరి?"

"ఇష్టం లేకుంటే ఎనిమిది నెలల సంది ఎందుకు ఎదురుచూస్తనమ్మా?"

పెనం మీద రొట్టె మాడింది. మైసమ్మ దాన్ని పట్టించుకోలేదు.

అంతలో అతీఖ్ ఫోన్ చేసి కరెంటు బిల్లు జిరాక్సు కూడా కావాలన్నాడు. సింధుజ బిల్లు పట్టుకుని పెద్దేముల్ ఆటో ఎక్కింది. పది మంది ఎక్కితే గానీ ఆ ఆటో కదలదు. ఏడుగురే ఉన్నారు.

ఆ ప్రాంతంలో పెళ్లి సంబంధానికి ఒక పద్ధతి ఉంది. పిల్లను అడగాలనుకునే వాళ్లు ముందు ఎవరినో ఒక తిరిగే మనిషిని పంపిస్తారు. ఎవరి తరఫున వచ్చాడో అతను చెప్పడు. ఇంటివాళ్ల మాట నమ్మడు. దుకాణంలో అడుగుతాడు, పక్కింట్లో అడుగుతాడు. ఉద్యోగాలిచ్చే కంపెనీల పద్ధతి కూడా సరిగ్గా ఇదేనని మైసమ్మకు తెలియదు. కంపెనీలకూ మైసమ్మ సంగతి తెలియదు.

"సాయిబు ఎట్ల తెస్తడే మనకు సంబంధం?" అంది బుగ్గమ్మ.

"గొర్రెల బేరానికి తిరిగే అజమత్ తేలేదా మీ తమ్ముని కోడల్ని? ఊరూరు తిరిగెటోళ్లకే తెలుస్తది, ఏ ఇంట్ల పిల్ల ఉన్నదో," అంది మైసమ్మ.

బిచ్చయ్యకు పాత సంగతులు గుర్తొచ్చాయి. ఇంతకుముందు రెండు సంబంధాలు గడప దాకా వచ్చి వెనక్కి పోయాయి. పిల్ల మరీ ఎక్కువ చదివిందని ఒకరు, పట్నంలో ఒక్కతే ఉందని ఇంకొకరు. "ఈసారి తక్కువ చెప్పుదాం," అన్నాడు. మైసమ్మ వీధిలో ఇటు చివర నుంచి అటు చివరకు ఒకసారి నడిచి వచ్చింది. పావుగంటలో ఊరు సిద్ధమైంది.

అతీఖ్ పదకొండుకు బదులు పదింటికే వచ్చాడు. మధ్యాహ్నం కోట్‌పల్లిలో అతనికి ఇంకో విచారణ ఉంది. చాయ్ అందుకుని, ఫోన్‌లో ఫారం తెరిచాడు.

"అమ్మాయి వయసు ఎంతమ్మా?"

"ఇరవై ఒకటి," అంది మైసమ్మ.

"ఇంకా నిండలే," అంది బుగ్గమ్మ.

అతీఖ్ ఫోన్ వైపు చూశాడు. అందులో ఇరవై ఆరని ఉంది. "చదువు?"

"ఇంటరు," అన్నాడు బిచ్చయ్య. "పాసయింది గానీ, చదువు మీద ఎక్కువ మనసు పెట్టలే."

"హైదరాబాద్‌ల మూడేండ్లు నౌకరి చేసిందని ఉన్నది కదా దీంట్ల?"

ఎవరో గిట్టనివాళ్లు ముందే చెవిలో వేశారని మైసమ్మకు అర్థమైంది. "ఎవలో కావాలని చెప్పిండ్రు నాయినా. మా పిల్ల తాండూరు దాటలే. అనంతగిరి దేవునికాడికి పోయిన నాడు సుత నేను చెయ్యి పట్టుకునే ఉన్న."

"కంప్యూటర్ పని వస్తదా?"

"రాదు," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

అప్పుడే గూట్లో ఉన్న సింధుజ ల్యాప్‌టాప్ టింగుమంది. బుగ్గమ్మ లేచి, దాని మీద గొంగడి కప్పి, గొంగడి మీద ఒక గొర్రెపిల్లను కూర్చోబెట్టింది. అతీఖ్ అటు చూశాడు. గొర్రెపిల్ల అతని వైపు చూసింది. ఇంక అతను ఆ సంగతి అడగలేదు.

తర్వాత కిరాణా దుకాణం యాకోబును అడిగాడు. రెండు రోజులకోసారి సింధుజకు నెట్ రీచార్జ్ చేసేది అతనే. "ఆ పిల్లకు ఫోన్ ఏ దిక్కు పట్టుకోవాల్నో సుత తెల్వదు సార్. తల ఎత్తి నడవంగ చూడలే," అన్నాడు. పక్కింటి నాగరాణి కుట్టుమిషన్ ఆపి మరీ చెప్పింది. "బంగారమసుంటి పిల్ల. పెండ్లయినంక ఏ పనికీ పోదు. ఇంట్లనే పడి ఉంటది. హామీ నాది." ఇద్దరూ అతీఖ్ ఫోన్ మీద వేలితో సంతకాలు కూడా పెట్టారు.

సింధుజ జిరాక్సులతో తిరిగి వచ్చేసరికి ఇంట్లో పండగలా ఉంది. బుగ్గమ్మ కోళ్ల గంప వైపు చూస్తోంది.

"వచ్చిండు, పోయిండు. మస్తు ఖుషీగ పోయిండు," అంది మైసమ్మ. "ఫికర్ చెయ్యకు బిడ్డా. ఊరంత ఒక్కటే మాట చెప్పిండ్రు."

"ఏం మాట?"

మైసమ్మ అన్నీ వరసగా చెప్పింది. సింధుజ గడపలో కూర్చుండిపోయింది. జిరాక్సులు రెండూ ఒక గొర్రెపిల్ల దగ్గరకు వెళ్లాయి. ఒకటి మాత్రమే తిరిగి వచ్చింది.

ఇంట్లో వాళ్ల మాటలు వినపడని చోటు రోడ్డు మీద మైలురాయి దగ్గర. అక్కడికి పరుగెత్తి ఆమె అతీఖ్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, వాళ్లు చెప్పింది ఒక్కటి సుత నిజం కాదు."

"ఆరేండ్లయింది మేడం నేను ఈ పని పట్టి," అన్నాడు అతీఖ్ అలసటగా. "లేనిది ఉన్నదని చెప్పెటోళ్లనే చూసిన. ఉన్నది లేదని చెప్పిన ఊరు మీదొక్కటే."

"నా డిగ్రీ, పాత కంపెనీ కాగితాలు అన్నీ చూపిస్త."

"కాగితాలు కంపెనీ చూస్తది. నా పని మనుషులతోని." తనే మళ్లీ, "రిపోర్టు ఇంకా పంపలే. ఒక్కసారి మళ్లొచ్చే చాన్స్ ఉంటది. నాలుగింటికొస్త. ఈసారి ఒక్కరు చెప్పినా చాలు, సంతకంతోని. కానీ జర నిజం చెప్పమను," అన్నాడు.

సింధుజ ఇంటికి వచ్చి, నలుగురినీ పిలిచి, జన్మలో మొదటిసారి వీధిలో నిలబడి గట్టిగా మాట్లాడింది. వచ్చినాయన పెళ్లికి రాలేదు. ఉద్యోగానికి వచ్చాడు. నాలుగింటికి మళ్లీ విచారణ ఉంది. ఉన్నది ఉన్నట్టు చెబితే ఉద్యోగం వస్తుంది, లేకపోతే రాదు. అందరికీ జాలి వేసింది.

"ముందుగాల్నే చెప్పొద్దా బిడ్డా," అన్నాడు యాకోబు. "విచారణలు మాకు కొత్తనా? మేం చూసుకుంటం, పో."

ఆ మాట విన్నప్పుడే ఆమె అనుమానించవలసింది. కానీ అతీఖ్‌ను ఈసారి తనే వెంట తీసుకురావాలని మైలురాయి దగ్గరకు పోయి నిలబడింది.

విచారణలు ఆ ఊరికి నిజంగానే కొత్త కాదు. పింఛనుకు ఒకరు వస్తారు, ఇళ్ల పథకానికి ఒకరు వస్తారు. వచ్చినప్పుడల్లా ఏం చేయాలో అందరికీ తెలుసు. సింధుజ అతీఖ్‌ను వెంటబెట్టుకుని వచ్చేసరికి ఇంట్లో టీవీ లేదు. ఫ్యాను లేదు. మంచం మీద బిచ్చయ్య కంబళి కప్పుకుని మూలుగుతున్నాడు. మైసమ్మ చిరుగుల చీరలో ఉంది. గూట్లో ల్యాప్‌టాప్ లేదు. అది యాకోబు దుకాణంలో, ఉప్పు బస్తాల వెనక భద్రంగా ఉందని తర్వాత తెలిసింది.

"సార్, ఈ ఇంట్ల పొయ్యి వెలిగి రెండు దినాలాయె," అని మొదలుపెట్టాడు యాకోబు. అతని వెనక నుంచి రొట్టెల వాసన వస్తోంది.

"గది వద్దు," అన్నాడు అతీఖ్. "ఈ అమ్మాయి ఇంతకుముందు ఉద్యోగం చేసిందా, లేదా?"

"ఎన్నడు చెయ్యలే సార్."

"యాకోబు మామా, చేసిందని చెప్పు," అంది సింధుజ. ఏడుపు ఆపుకుంటోంది.

యాకోబు ఆమెను పక్కకు లాగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "తెలివి ఉన్నదా నీకు? ఉద్యోగం చేసినోళ్లకు మళ్ల ఉద్యోగం ఎందుకిస్తరు? లేనోళ్లకే ఇస్తరు. నువ్వు ఊకో."

అలా చూస్తే అందులో న్యాయం ఉంది. ఎనిమిది నెలల్లో సింధుజతో ఎవరూ అంత న్యాయంగా మాట్లాడింది లేదు.

అతీఖ్ అరుగు మీద కూర్చుని నుదురు రుద్దుకున్నాడు. "నాకు దిమాగ్ పని చేస్తలేదు మేడం. ఒక్క మనిషి మాత్రం పొద్దున మీ ఫారంల ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వయసు, చదువు, హైదరాబాద్ నౌకరి, అన్ని కలిసినయి. వెనక గల్లీల నన్ను ఆపి మరీ చెప్పింది. పేరు రాయొద్దన్నది, సంతకం పెట్టలే. ఆమె సంతకం పెడితే ఇప్పుడే పంపిస్త."

"ఎవరు?"

అతను గోడ అవతలి పెంకుటింటిని చూపించాడు. మైసమ్మ మూలగడం మరిచిపోయిన మొగుడి వైపు చూసింది.

అది రుక్కమ్మ ఇల్లు. ఆరేళ్ల కిందట బిచ్చయ్య పొట్టేళ్లు రుక్కమ్మ కందిచేనులో పడి ఒక పూటలో సగం మేశాయి. ఆ రోజు నుంచి ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు. గోడ మాత్రం రెండుసార్లు ఎత్తు పెరిగింది. సింధుజకు మంచి సంబంధం వచ్చిందని పొద్దున వినగానే, దాన్ని చెడగొట్టడానికి రుక్కమ్మ తనకు తెలిసిన చెడ్డ సంగతులన్నీ అతీఖ్‌కు చెప్పింది.

నాలుగూ నలభై అయింది. సింధుజ గోడ చుట్టూ తిరిగి వెళ్లింది. అతీఖ్ ఫోన్ పట్టుకుని వెనకే వచ్చాడు. రుక్కమ్మ గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది.

"అత్తా," అంది సింధుజ.

"ఏంది? కొట్లాటకొచ్చినవా?" రుక్కమ్మ తల ఎత్తలేదు. "చెప్పిన. ఉన్నదే చెప్పిన. ఇరవై ఆరేండ్లు వచ్చినయి, ఇంజనీరింగు చదివింది, పట్నంల మూడేండ్లు నౌకరి చేసింది, దినమంత కంప్యూటర్ ముంగట కూసోని మొగోళ్లతోని ఇంగ్లీషుల కొట్లాడుతది, ఎవ్వలి మాట వినదు అని చెప్పిన. అబద్ధమా?"

"అన్నీ నిజమే అత్తా. గదే మళ్లొక్కసారి చెప్పు. చెప్పి సంతకం పెట్టు."

చేట ఆగింది. రుక్కమ్మ తన జీవితంలో చాలామంది గురించి చాలా చెప్పింది. మళ్లీ చెప్పమని ఎవరూ ఇంటికి రాలేదు.

"పెండ్లి చెడగొట్టుమంటున్నవా?"

అవునంటే సరిపోయేది. కానీ సింధుజ పొద్దుటి నుంచి అబద్ధాలు విని విని అలసిపోయింది. "పెండ్లి కాదత్తా, ఉద్యోగం. ఊరంత నాకు ఏ పని రాదన్నరు. వస్తదని నువ్వొక్కదానివే చెప్పినవు. నీ మాట మీదనే వస్తది నాకు ఉద్యోగం."

రుక్కమ్మ చేట కింద పెట్టింది. గొంతు మెత్తబడింది. "ఇంట్ల కూసోనే చేస్తవా ఆ పని?"

"ఇంట్ల కూసోనే అత్తా."

"మీ అమ్మకు ఆసరైతదేమో."

"అయితది."

"మీ నాయిన గొర్ల వెంట తిరుగుడు తప్పుతదా?"

"తప్పుతది అత్తా," అంది సింధుజ ఆశగా.

రుక్కమ్మ గోడ మీదుగా తొంగి చూస్తున్న మైసమ్మ ముఖం చూసింది. చేట పట్టుకుని లేచింది. "సాబ్, నాకేం తెల్వదు," అంది అతీఖ్‌తో. "ఈ పిల్లను నేను ఎన్నడు చూడలే." లోపలికి పోయి, సింధుజ ముఖం మీదే తలుపు వేసుకుంది.

ఊరంతా మేలు కోరి చెప్పినదీ, రుక్కమ్మ కీడు కోరి చెప్పినదీ ఫారంలో 'సరిపోలేదు' అన్న ఒకే గడిలో పట్టాయి.