పన్నెండో ముఖం

"ఇకమీదట చదువు రావాలంటే పుస్తకం తెరవాల్సిన పనిలేదు. ముఖం చూపిస్తే చాలు" అని కృష్ణమూర్తి గారు సూర్యాపేట సభలో ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టిన టీచర్లలో అరుంధతి కూడా ఉంది. కొట్టకపోతే ఆ సంగతీ కెమెరాలో పడుతుందని పక్క కుర్చీలోని టీచరు చెప్పాడు.

కృష్ణమూర్తి గారు మామూలు మనిషి కాదు. కోదాడలో ఆయనకు ఏసీ గదుల ప్రైవేటు స్కూలుంది, పద్నాలుగు పసుపుపచ్చ బస్సులున్నాయి. అయినా సర్కారు బడులు బాగుపడాలని ఆయన పడే తపన చూసి, డిజిటల్ విద్యా కమిటీకి ఆయన్నే చైర్మన్‌ను చేశారు. పాల విలువ పిల్లికి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది?

చైర్మన్ గారు సొంత ఖర్చుతో ప్రతి బడికీ ఒక హాజరు యంత్రం ఇచ్చారు. మోతె మండలంలో తుమ్మబండ అనే చిన్న ఊరి బడికీ ఒకటి వచ్చింది. అక్కడ అరుంధతి ఒక్కతే టీచరు. యంత్రంతో పాటు ఒక నిబంధన కూడా వచ్చింది. రోజూ పది గంటల్లోపు దానికి పన్నెండు ముఖాలు కనిపించాలి. వరుసగా మూడు రోజులు ఒక్కటి తగ్గినా బడి ఎత్తేసి, తొమ్మిది కిలోమీటర్ల అవతలి బడిలో కలుపుతారు. ఆ దారిన ఆర్టీసీ బస్సు లేదు.

అరుంధతి తన పిల్లల్ని లెక్కపెట్టుకుంది. సరిగ్గా పన్నెండు. చైర్మన్ గారు ఎంత హోంవర్క్ చేశారో ఆమెకు అప్పుడు తెలిసింది.

బడిలో సిగ్నల్ లేదు. ఊరి బయట బోడు గుట్ట మీద, సైదయ్య గొర్రెల దొడ్డి దగ్గర ఉంది. రోజూ పిల్లలు బోడు ఎక్కి, యంత్రానికి ముఖాలు చూపించి, దిగేవాళ్లు. దిగేసరికి మధ్యాహ్న భోజనం ఉడుకుతూ ఉండేది. ఎక్కాలు దారిలోనే చెప్పుకునేవాళ్లు. అన్నివిధాలా అది ఓపెన్ ఎయిర్ విద్యావిధానం.

మూడో తరగతి లత, సైదయ్య మనవరాలు, ఒక సోమవారం రాలేదు. పదకొండు. మర్నాడు నున్నటి గుండుతో వచ్చింది.

"ఇదేంది సైదయ్యా?"

"యాదగిరిగుట్టకు పోయొచ్చినం మేడం. ఎంటికలు ఇస్తనని మొక్కుకున్న."

"గిప్పుడే ఇయ్యాల్నా? ఏమని మొక్కినవ్?"

"బడి ఎత్తేయొద్దని."

యంత్రం లతను ముందు నుంచి చూసింది, పక్క నుంచి చూసింది. "గుర్తు తెలియని వ్యక్తి" అంది. బొట్టు పెట్టి చూపించారు. మళ్లీ అదే మాట. నవ్వమన్నారు. లత నవ్వింది. యంత్రం కాసేపు ఆలోచించి, "గుర్తు తెలియని పురుషుడు" అని తేల్చింది.

అరుంధతి కోదాడలోని చైర్మన్ గారి ఆఫీసుకు ఫోన్ చేసింది. యంత్రాల వ్యవహారం చూసే సాయికిరణ్ ఎత్తాడు.

"పాత అమ్మాయి ఆబ్సెంటండి మేడం. ఇప్పుడొచ్చింది ఎవరో కొత్త మనిషి."

"అదే పిల్ల బాబూ. గుండు చేయించిన్రు."

"మీరు చెబుతున్నారండి. మిషన్ ఒప్పుకోవాలి కదండి."

"మళ్ల ఫొటో తీస్తే అయిపోతది గదా?"

"ఫొటో మార్చాలంటే కమిటీ తీర్మానం కావాలండి. కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటది."

"అప్పటిదాకా ఏం జేయాలె?"

"జుట్టు మొలిచేదాకా ఆగండి. నేచురల్ ప్రాసెస్ కదండి."

బుధవారం మూడో రోజు. పొద్దున్నే అరుంధతి దొడ్డి దగ్గరికి చేరింది. సైదయ్య గడ్డం గోక్కుంటూ గొర్రెల వైపు చూశాడు.

"దేవునికి ఇచ్చింది మళ్ల అడగలేం మేడం. గొర్రెనడుగుదాం."

నల్ల గొర్రెనొకదాన్ని పట్టి బొచ్చు కత్తిరించాడు. అరుంధతి ఆ బొచ్చును పాత గుడ్డ టోపీకి కుట్టి, రెండు జడలు అల్లి, ఎర్ర రిబ్బన్లు కట్టింది. పదికి ఇంకా నాలుగు నిమిషాలుంది.

"దురద పెడుతున్నది తాతా."

"ఊకో బిడ్డా. గొర్రె పుట్టినకాన్నుంచి మోస్తలేదా? ఏమన్న అంటుందా?"

లత ఊపిరి బిగబట్టి నిలబడింది. యంత్రం పచ్చగా వెలిగింది. "లత. హాజరు."

ఆ తర్వాత రెండు వారాలు తుమ్మబండ హాజరు నూటికి నూరు. మండలంలో మరే బడికీ లేదు. ఇది తన యంత్రం సాధించిన విజయమని వినయంగా ఒప్పుకుని, చైర్మన్ గారు విలేకరులతో సహా బోడు ఎక్కారు. పన్నెండో ముఖమైన లత మెడలో స్వయంగా దండ వేశారు. దండ సర్దుతుంటే జడ చిక్కుకుంది. దండతో పాటు జుట్టంతా ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

దొంగ హాజరు అంటే అరుంధతికి సస్పెన్షన్. బడి కూడా ఆ రోజుతో ఖతం.

చైర్మన్ గారు బొచ్చును ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి. వాసనకే కావచ్చు.

"సూసిన్రా? చదువు కోసం గొర్రె బొచ్చు నెత్తికి పెట్టుకున్నది ఈ బిడ్డ. ఇసొంటి బిడ్డ గీడ ఉండొద్దు. మా స్కూల్ల టెన్త్ దాక సీటు ఫ్రీ. బస్సు ఫ్రీ. సోమవారం నుంచే."

విలేకరులు చప్పట్లు కొట్టారు.

"సార్, ఈ పిల్ల పోతే మా దగ్గర పదకొండు మందే ఉంటరు" అంది అరుంధతి.

ఆయన నిజంగా బాధపడ్డారు. "మేడం, మీరు టీచరు. పేద బిడ్డ బాగుపడుతుంటే నంబర్లు సూస్తరా?"

అందరూ వెళ్లాక సైదయ్య దొడ్డి దగ్గరే నిలబడిపోయాడు.

"పంపకపోతే పిల్ల ఉసురు, పంపితే బడి ఉసురు. ఏం జేయమంటరు మేడం?"

అరుంధతి పక్కనే ఉన్న లత గుండు మీద చెయ్యి వేసింది. వేళ్లకు మొలకలు గుచ్చుకున్నాయి.

"పంపు" అంది.

సోమవారం బస్సొచ్చి హారన్ కొట్టింది. లత కొత్త టై కట్టుకుని కిటికీ పక్క సీట్లో కూర్చుంది. బోడు మీద యంత్రం పదకొండు చూపించింది. మంగళవారం కూడా పదకొండే. ఇంకొక్క రోజే మిగిలింది.

అరుంధతి ఇంకా బోడు దిగకముందే సాయికిరణ్ తానే ఫోన్ చేశాడు.

"మేడం, ఎల్లుండి నుంచి మీ ఊరికి పెద్ద బస్సు వేయమన్నారండి సార్. ఆ పదకొండు మంది పేరెంట్స్ నంబర్లు కాస్త పంపుతారా? ఫీజు సంగతి మాట్లాడాలండి."